న్యూజీలాండ్‌లోని టిమారు నుంచి మనవరాలికి

మేధా,

నువ్వు చదువుతున్న నవల చిన్నపిల్లల పుస్తకమనీ, అసలు రాబిన్‌హుడ్ కథ కాదనీ మీ నాన్న అంటే సగంలో పక్కన పెట్టేశావట. వాడి మాట మిగతా విషయాల్లో విను, ఇందులో మాత్రం వద్దు. రాబిన్ మెకిన్లీ 1988లో రాసిన ఆ నవల చివరిదాకా చదువు, హాయిగా చదువు. అందులో రాబిన్‌హుడ్ అంతంతమాత్రపు విలుకాడు, గురి తప్పనిది మారియన్ అంటే నీకు ముచ్చటేసింది కదా, అది చాలు. అసలు కథ అంటావా, పాత ఇంగ్లీషు పాటల్లో మారియనే లేదు. రాబిన్‌ను ప్రభువును చేసింది 1598లో నాటకాలు రాసిన ఆంథనీ మండే. అంతకుముందు రాబిన్ సామాన్యుడే. మీ నాన్న చిన్నప్పుడు చదివిందీ ఒకరు తిరగరాసిందే.

మా పక్కనే ఇలాంటి కథ ఇంకొకటుంది. 1855 మార్చిలో జేమ్స్ మెకంజీ అనే గొర్రెల కాపరి, లెవల్స్ స్టేషన్ అనే గొర్రెల ఎస్టేట్ వాళ్ల వెయ్యి గొర్రెలతో ఒక కొండ కనుమ దగ్గర దొరికాడు. ఆ రాత్రే తప్పించుకుని లిటిల్టన్ రేవు దాకా నడిచాడు, అక్కడ పట్టుబడ్డాడు. కూలికి గొర్రెలు తోలడానికి కుదిరానే తప్ప దొంగను కానన్నాడు. ఐదేళ్ల శిక్ష వేశారు. విచారణలో లోపాలు బయటపడి 1856 జనవరిలో క్షమాభిక్ష పెట్టారు. కాగితాల్లో ఉన్నది ఇంతే. జనం మాత్రం అతని కుక్క ఫ్రైడే గురించి కథలల్లారు. గేలిక్‌లో చెబితే తప్ప వినదట, యజమాని లేకపోయినా మందను తోలుకుపోయేదట! టెకాపో సరస్సు ఒడ్డున 1968లో పెట్టిన కంచు కుక్క ఆ ప్రాంతంలో గొర్రెల మందలు తోలే కుక్కలన్నిటి గౌరవార్థం పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది మాత్రం మెకంజీ కుక్కే అంటారు. టెకాపో చుట్టూ ఉన్న మైదానానికంతా ఇప్పుడు మెకంజీ పేరే. గొర్రెల ఆసామి పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు?

మన సర్వాయి పాపన్నదీ ఇదే తీరు. 1708లో వరంగల్ మీద పడ్డ అతన్ని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ దోపిడీదారు అన్నాడు. మన ఊళ్లలో కథ చెప్పేవాళ్లు వీరుడని పాడారు. ఆడవాళ్లను ఎత్తుకుపోయాడన్న మాటా చరిత్రలో ఉంది, దాన్ని దాటేసి పొగడటం నాకు ఇష్టం లేదు. అందుకే నీకు చెప్పేది, నవల పూర్తయ్యాక పాత కథలూ తెచ్చుకుని చదువు. మెకిన్లీ ఏది ఉంచిందో, ఏది మార్చిందో, ఎందుకు మార్చి ఉంటుందో ఆలోచించు. నీ ఇష్టం దానివల్ల తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

ఇంకొక సంగతి. మెకంజీని పట్టుకున్న ఓవర్‌సీర్ సైడ్‌బాటమ్ వెంట ఇద్దరు మావోరీ కాపరులున్నారు. వాళ్ల పేర్లు టైకో, సెవెంటీన్. ఆ రాత్రి కనుమలో ఏం జరిగిందో వాళ్ల నోట చెప్పిస్తే కథ ఎలా ఉంటుంది? నువ్వు రాయి. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా సరే, సెలవులకు వచ్చేలోపు నాకు పంపు.

మీ నానమ్మ