నన్ను దాటి నా మనవడితో మాట్లాడుతున్నదెవరు?

చెల్లీ, మొన్న నువ్వు ఫోన్‌లో గొంతు పూడుకుపోతూ చెప్పిన సంగతి మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. ముద్దపప్పు, నెయ్యి కలిపి కంచం ముందు పెడితే బుజ్జిగాడు దాన్ని పక్కకి తోసేసి, "బొమ్మ వచ్చే బర్గర్ కొంటేనే తింటా" అని మంకుపట్టు పట్టాడన్నావు. అది చూసి మీ అత్తగారు, "అంతా తల్లి పెంపకం" అన్నారన్నావు. బదులు చెప్పలేక వంటింట్లోకి వెళ్లి ఏడ్చానన్నావు.

ఆ మాట మనసులో పెట్టుకోకు. ఒక్కటి ఆలోచించు. బొమ్మ వచ్చే బర్గర్ ఒకటుందని ఆరేళ్ల వాడికి నువ్వు చెప్పావా? వాళ్ల నాన్న చెప్పాడా? మీ అత్తగారు చెప్పారా? మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు మీ గుమ్మం ముందుకొచ్చి "అమ్మా, మీ పిల్లాడితో ఒక మాట మాట్లాడొచ్చా" అని అడగలేదు. నువ్వు పోపు వేసుకుంటున్న వేళ, ముందుగదిలో కార్టూను మధ్యలో నేరుగా వాడితోనే మాట్లాడి వెళ్లిపోయారు. తెలియనివాళ్లు వీధిలో చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని పిల్లలకి మాటలు రాగానే నేర్పుతాం. ఇంట్లోకి వచ్చి ఇస్తామంటున్నవాళ్ల సంగతి మాత్రం మనం పట్టించుకోలేదు.

నా మనవడి సంగతి చెబుతాను. సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతుంటే వాడి మంచం కింద అట్టపెట్టె ఒకటి దొరికింది. అందులో పదకొండు ప్లాస్టిక్ బొమ్మలున్నాయి. అన్నీ తిండితో పాటు వచ్చినవే. ఏ కంపెనీవో చెప్పను. పదకొండు సార్లు కొన్నామన్నమాట. ఆ పదకొండు సార్లూ వాడు తిన్నది సగం బన్ను, నాలుగు చిప్స్. మిగిలింది వాళ్లమ్మ తినేది, లేదా చెత్తబుట్టలోకి వెళ్లేది. పెట్టె పక్కన కూలబడి ఆలోచిస్తే నాకు ఒకటే తోచింది. వాడికి ఏనాడూ ఆ తిండి మీద ఆకలి లేదు. వాడిలో ఆ కోరికను ఎవరో కావాలని నాటి, నీళ్లు పోసి పెంచారు.

తిండితో బొమ్మ ఇవ్వడం కొత్త కాదు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ హ్యాపీ మీల్ మొదలైంది 1979లో. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒక నిబంధన పెట్టింది. ఉప్పు, కొవ్వు, కేలరీలు హద్దులో ఉండి, పండో కూరగాయో ఉంటేనే పిల్లల భోజనంతో బొమ్మ ఉచితంగా ఇవ్వాలని. మరుసటి ఏడు చివర అది అమల్లోకి రాగానే, మెక్‌డొనాల్డ్స్ అక్కడ బొమ్మకి విడిగా పది సెంట్లు తీసుకోవడం మొదలుపెట్టింది. ఉచితం కాదు కాబట్టి నిబంధన తప్పినట్టు కాదు. తిండిని బాగుచేయడం కన్నా అదే తేలికనుకున్నారు. పిల్లల్ని రప్పించేది బొమ్మేనని వాళ్లకంత గట్టిగా తెలుసు.

ఇంకొకటి విను. ఇది చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 63 మందిని కూర్చోబెట్టారు. ఒకే తిండిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని మెక్‌డొనాల్డ్స్ కాగితంలో, రెండోదాన్ని పేరులేని కాగితంలో పెట్టి ఇచ్చారు. ఏది బాగుందని అడిగితే, ఎక్కువమంది పిల్లలు ఆ గుర్తున్న కాగితంలోదే రుచిగా ఉందన్నారు. అందులో క్యారెట్ కూడా ఉంది చెల్లీ! కిరాణా కొట్టులో కొన్న మామూలు క్యారెట్. కాగితం మారితే పసివాడి నాలుకకి క్యారెట్ రుచే మారిపోయింది. ఇంట్లో టీవీలు ఎక్కువున్న పిల్లల్లో ఈ మొగ్గు మరింత కనిపించిందట. నాలుక మీది రుచినే మార్చగలిగినవాళ్ల ముందు, ఒంటరిగా గరిట పట్టుకు నిలబడ్డ తల్లిని "నీ పెంపకం" అని దెప్పడం ఎంత అన్యాయమో చూడు.

"మన చిన్నప్పుడు ప్రకటనలు లేవా? మనమేమైనా చెడిపోయామా?" అంటారు కొందరు. ఉన్నాయి. మ్యాగీ మన దేశానికి 1983లోనే వచ్చింది. రస్నా ప్రకటనలో ముద్దుగా కనిపించిన అంకితే పెద్దయ్యాక మన సింహాద్రి సినిమాలో కథానాయిక. ఆ పాప నవ్వు చూసి నేనూ అమ్మ కొంగు పట్టుకుని రస్నా అడిగినదాన్నే. కానీ అప్పుడు టీవీ ఇంటిల్లిపాదిదీ. ఆదివారం పూట నాన్న, మామ్మ, పక్కింటి పిన్నిగారు అందరం కలిసి చూసేవాళ్లం. ప్రకటన రాగానే "అదంతా రంగునీళ్లే" అని మామ్మ పక్కనుంచి ఒక మాట వేసేది. ఆ ఒక్క మాట మాకు ఎంత కాపుగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. ఈనాటి పిల్లాడి పక్కన ఆ మామ్మ లేదు. ఫోను వాడి చేతిలోనే ఉంది. వాడు ఏం చూస్తున్నాడో ఆ ఫోనుకి తెలుసు, మనకి తెలియదు.

అసలు చిన్నపిల్లలకి, ఎనిమిదేళ్లలోపు వాళ్లకి, ప్రకటన వెనక అమ్ముకునే ఉద్దేశం ఉంటుందని అర్థం కాదని మనస్తత్వ నిపుణులు ఏనాడో తేల్చారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2004లోనే ఆ మాట చెప్పి, ఆ వయసు పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలకు హద్దులుండాలని కోరింది. వాడికి కార్టూనులో భీముడు లడ్డు తినడం, ఆ వెంటనే ఎవరో చిప్స్ తినడం, రెండూ ఒకే కథ. బేరం ఆడుతున్నామని తెలియనివాడితో బేరం ఆడటం తగదు. నా అభిప్రాయం అంతే, దాని చుట్టూ తిరగక్కర్లేదు. పెద్దవాళ్లకి చెప్పి అమ్ముకోమను, కొనాలో వద్దో మనం చూసుకుంటాం. పసివాళ్ల జోలికి రావద్దు.

ఇదేదో అమ్మమ్మల చాదస్తం అనుకోకు. మన చట్టమే ఈ మాట చెబుతోంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. చిప్స్, గ్యాసు నింపిన కూల్‌డ్రింకులు, అలాంటి చిరుతిళ్ల ప్రకటనలు పిల్లల కార్యక్రమాల్లో, పిల్లల చానళ్లలో వేయకూడదు. "కొనిపెట్టమని అమ్మానాన్నల్ని అడగండి" అని పిల్లల్ని ఎగదోయకూడదు. ఇంకా ఒకటుంది, అది చదివి నాకు కళ్లు చెమర్చాయి. పిల్లలు ఇంట్లో తినే సహజమైన, సంప్రదాయ ఆహారం కన్నా తమ సరుకే మేలన్న భావన కలిగించకూడదట. మన సున్నుండ, దిబ్బరొట్టె, పెరుగన్నం పరువు గురించి ఢిల్లీలో ఎవరో ఆలోచించి రాశారు కదా! అంతకు ముందే, 2020లో, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇంకో నియమం పెట్టింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి గేటుకి 50 మీటర్ల లోపు అమ్మకూడదు, ప్రకటించకూడదు.

మరి ఇన్ని నియమాలున్నా ఆ ప్రకటనలు పిల్లల దాకా వచ్చే సందు ఎక్కడుందంటావా? "పిల్లల కార్యక్రమం" అన్న మాటలోనే ఉంది. క్రికెట్ మ్యాచ్ పిల్లల కార్యక్రమం కాదు. రాత్రి సీరియలూ కాదు. వేసవి సెలవుల్లో ఐపీఎల్ ముందు కూర్చోని పిల్లాడు మన వీధిలో ఎవడైనా ఉన్నాడా? ఇక యూట్యూబ్‌లో వాళ్లంతటివాడే ఇంకో పిల్లాడు పెట్టె విప్పి "వావ్" అంటూ తినే వీడియో ఉందే, అది ప్రకటనో ఆటో మనకే తెలియదు. పైగా కూల్‌డ్రింకు చేతపట్టి పల్టీలు కొట్టేది మనం కటౌట్లు కట్టే హీరోలే. చిరంజీవి నుంచి మహేశ్‌బాబు, విజయ్ దేవరకొండ వరకు అందరూ చేశారు.

వద్దన్నవాడూ మనవాడే. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచి వచ్చిన పుల్లెల గోపీచంద్ ఇంటికి కూల్‌డ్రింకు ప్రకటన అవకాశం వచ్చింది. తాను తాగనిది పిల్లలకు తాగమని ఎలా చెబుతానని కాదన్నాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట తలుచుకుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. మన పిల్లలకి చెప్పాల్సిన కథ అది.

తల్లుల్ని బుజ్జగించే ప్రకటనల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. ఎన్నో ఏళ్లు మనం పాలల్లో కలిపిన పొడుల్ని "హెల్త్ డ్రింక్" అనే నమ్మాం. ఆహార భద్రతా చట్టంలో అసలు "హెల్త్ డ్రింక్" అన్నదానికి నిర్వచనమే లేదని, బోర్న్‌విటా వంటివాటిని ఆ వరస నుంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది.

ఇదంతా ఎందుకంత ముఖ్యమంటే, ఆరేళ్ల పిల్లాడి పొట్ట వాడి గుప్పెడంత. అందులో చిప్స్ పడితే పప్పుకి చోటుండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. అయిదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు అంతకు ముందు సర్వేలో 2.1 శాతం, ఇందులో 3.4 శాతం. అదే సర్వేలో, ఆరు నెలలు దాటిన అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత. లావు పెరిగేవాళ్లు పెరుగుతున్నారు, రక్తం లేనివాళ్లు లేకుండానే ఉన్నారు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా ఇలాంటి తిండి బాగా తగ్గించమనే చెప్పింది. ఆంధ్రాలో సర్కారు బడి పిల్లలకి రాగిజావ, వేరుశనగ చిక్కీ పెడుతున్నారు. రక్తం పట్టే తిండి అది. దాన్ని తినమని ఏ హీరో చెప్పడు, దానితో ఏ బొమ్మా రాదు.

"ప్రకటనలు ఆపితే చానళ్లు మూతపడవా?" అని మా అల్లుడు అడిగాడు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 1980 నుంచి 13 ఏళ్లలోపు పిల్లలను ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలకే చోటు లేదు. అక్కడి పిల్లలు కార్టూన్లు చూడకుండా ఏమీ లేరు. చిలీ 2016లో చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి డబ్బాల మీద పులి, కుందేలు బొమ్మల్ని తీసేయించింది. బ్రిటన్‌లో 2026 జనవరి నుంచి రాత్రి తొమ్మిది దాటితే గానీ ఇలాంటి ప్రకటన టీవీలో రాకూడదు, ఆన్‌లైన్‌లో డబ్బిచ్చి వేసేది అసలే కూడదు. కార్యక్రమం ఎవరిదని కాదు, పిల్లలు మేలుకుని ఉన్నారా లేదా అన్నదే లెక్క. మనకీ అదే కావాలి.

బుజ్జిగాణ్ణి కొట్టకు, తిట్టకు. ఎప్పుడో ఒకరోజు అందరూ కలిసి వెళ్లి ఆ బర్గర్ తినండి, బొమ్మ లేకుండా. ఫోను చూపిస్తూ ముద్దలు పెట్టడం మాత్రం ఇవాళే మానెయ్. వాడు టీవీ చూసేటప్పుడు మీ అత్తగారిని పక్కన కూర్చోమను. మా మామ్మలా ఒక మాట వేయడానికి ఆవిడకన్నా తగినవాళ్లు ఎవరు?

ఈ ముచ్చట చదువుతున్న అక్కచెల్లెళ్లందరినీ ఒకటి కోరుకుంటున్నాను. ఈ ఆదివారం పిల్లల చానల్ పెట్టి అరగంట మీరూ చూడండి. చిప్స్ ప్రకటనో, కూల్‌డ్రింకు ప్రకటనో వస్తే చానల్ పేరు, తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. ఆ వివరాలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి, నంబరు 1915. ఫోనుకి డబ్బు పడదు, తెలుగులోనే చెప్పొచ్చు.