తిండి, నడక: పదిమంది తోడుంటే

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయంలో రాజు భోజనం వద్దని శాకధాన్యాలు, నీళ్లు అడిగింది దానియేలు ఒక్కడే కాదు. ముగ్గురు స్నేహితులు తోడున్నారు. ఆ పేరుతోనే 2011లో అమెరికాలోని సాడిల్‌బ్యాక్ సంఘపు పాస్టరు రిక్ వారెన్ గారు ‘డేనియల్ ప్లాన్’ మొదలుపెట్టారు. ఇంటర్నెట్‌లో పేరు నమోదు, చిన్న గుంపులుగా కలుసుకోవడం దాని పద్ధతి. మొదటి సంవత్సరంలో సుమారు 15,000 మంది కలిసి రెండున్నర లక్షల పౌన్లు తగ్గారని, అంటే మనిషికి ఏడు కిలోల పైచిలుకు, ఆ సంఘం వారు ప్రకటించారు. అది వారు చెప్పిన లెక్క గాని వైద్య పరిశోధన కాదు.

పరిశోధన వేరే ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 12,067 మందిని 1971 నుండి 2003 వరకు గమనించిన వివరాలు 2007లో అచ్చయ్యాయి. స్నేహితునికి ఊబకాయం వస్తే మనకు వచ్చే అవకాశం 57 శాతం పెరిగింది. భార్యాభర్తల్లో 37 శాతం. పక్కింటివారి వల్ల మాత్రం ఏమీ లేదు! దగ్గరివాళ్ల అలవాట్లే మనకు అంటుతాయన్నమాట.

మన మాడుగులలో చుట్టం వస్తే హల్వా పెట్టకుండా పంపుతామా? గోధుమ పాలు, నెయ్యి, తీపి కలిసిన ఆ ముక్క వద్దంటే పెట్టినవారికి చిన్నతనం. షుగరు ఉన్న తల్లి ఒక్కర్తే ఎన్నిసార్లు వద్దనగలదు? ఇంట్లోవారు, సంఘంలో ఎనిమిది పదిమంది ఒకే వాట్సాప్ గుంపులో ఉంటే ఆ మాట అనడం తేలిక.

గుంపులో మధ్యాహ్నం కంచం ఫొటో పెట్టండి. సగం కూరలు, పావు వంతు పప్పు లేదా చేప, మిగిలిన పావు అన్నమో చోడి సంకటో. వారానికి 150 నిమిషాల నడక, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడిచినవారు ‘నడిచాను’ అని రాస్తే చాలు. నడవనివారిని ఎగతాళి చేయవద్దు, వాళ్లు గుంపు వదిలి పోతారు. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఎవరో పంపిన వీడియో చూసి మాత్రలు, ఇన్సులిన్ మానవద్దు. మందు వేసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గించినా ప్రమాదమే. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే షుగరు పడిపోయిందేమో. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగి ఆసుపత్రికి రండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. కొత్త పద్ధతి మొదలుపెట్టేముందే మీ మందుల చీటీ డాక్టరు గారికి చూపించండి, మోతాదు మార్చవలసి రావచ్చు.