సాఫ్ట్‌వేర్ లైసెన్సులు – విద్యాలయాలు

పుస్తకాన్ని కొన్నవాడు దానిని చదువుకొనవచ్చును, మిత్రునికి ఎరువివ్వవచ్చును, తిరిగి అమ్ముకొననూ వచ్చును. కంప్యూటర్ ప్రోగ్రామును కొన్నవానికి సాధారణంగా ఇంతటి అధికారం ఉండదు. అతడు కొన్నది ప్రోగ్రామును కాదు. దానిని కొన్ని షరతులకు లోబడి వాడుకొనే అనుమతిని మాత్రమే. ఆ అనుమతి పత్రమే లైసెన్సు. 'అంగీకరిస్తున్నాను' అన్న గడిని చదువకుండానే నొక్కడం మనలో చాలామందికి అలవాటు.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించి, కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చారు. అనగా చట్టం దృష్టిలో ప్రోగ్రామూ, కావ్యమూ ఒకే పంక్తిలోనివి! సాహిత్యం బోధించే నాకు ఈ వర్గీకరణం వింతగానూ, కొంత ముచ్చటగానూ తోచింది. అక్రమ ప్రతి అని తెలిసి కూడా వాడినవారికి ఏడు రోజుల నుండి మూడేళ్ల వరకు ఖైదు, 50,000 నుండి 2,00,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని ఆ చట్టంలోని 63బి సెక్షను చెబుతున్నది. వ్యాపార లాభం కోసం కానప్పుడు న్యాయస్థానం ఖైదును మినహాయించవచ్చును గాని, నేరం నేరం కాకపోదు.

నేనెరిగిన ఒక విద్యాసంస్థలో ఒక్క లైసెన్సు కొని, ముప్పై యంత్రాలలో ఆ ప్రోగ్రామునే ఎక్కించారు. "పిల్లల చదువు కోసమే గదా!" అన్నది వారి సమాధానం. ప్రాక్టికల్ పరీక్షలు పది రోజులున్నాయనగా, లైసెన్సు చెల్లదన్న ప్రకటన తెరపై వచ్చి ప్రోగ్రాము నిలిచిపోయింది. నష్టపోయినది ఆ పిల్లలే. ఇటువంటి యాజమాన్య హక్కుల ప్రోగ్రాములలో మూలరచన, అనగా సోర్సు కోడు, మనకు కనబడదు. అనుమతి ఇన్ని యంత్రాలకనో, ఇంతకాలానికనో లెక్కగట్టి ఇస్తారు. విద్యాలయాలకు తగ్గింపు ధర ఉన్నా, ఆ ప్రతితో వ్యాపారం చేయరాదన్న షరతు తరచుగా ఉంటుంది.

ఇక 'ఫ్రీ' అన్న మాట. ఆంగ్లంలో ఈ ఒక్క మాటకు రెండర్థాలుండడం వల్ల ఎంతో గందరగోళం కలిగింది. మనకా చిక్కు లేదు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. గణితం నేర్పే జియోజీబ్రాను విద్యార్థులు పైకం లేకుండానే వాడుకొనవచ్చును; వ్యాపారానికైతే వేరే ఒప్పందం కావాలి. కావున అది ఉచితమే గాని సంపూర్ణ స్వేచ్ఛ గలది కాదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భావానికి రూపమిచ్చినవాడు అమెరికా దేశస్థుడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సును వెలువరించాడు. ప్రోగ్రామును ఏ పనికైనా నడపడం, దాని మూలరచనను చదివి మార్చుకోవడం, ప్రతులను పంచడం, మార్చిన ప్రతులనూ పంచడం, ఈ నాలుగు అధికారాలు వాడుకరివి. ఐతే మార్చి పంచేవాడు అదే స్వేచ్ఛను తరువాతివారికీ ఇవ్వవలెను. ఎం.ఐ.టి., బి.ఎస్.డి. లైసెన్సులలో ఈ నిర్బంధం లేదు. పాఠాల నిర్వహణకు అనేక విశ్వవిద్యాలయాలు వాడే మూడుల్ జి.పి.ఎల్. క్రిందిదే.

మన రెండు భాషలకూ దీనితో సంబంధం గలదు. నోటో నస్తాలిఖ్ ఉర్దూ అక్షరాలు, నోటో తెలుగు అక్షరాలు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద లభిస్తున్నాయి. వాటితో పత్రికను అచ్చువేసి అమ్ముకొనవచ్చును. అక్షరాలను మాత్రం విడిగా అమ్మరాదు.

కళాశాల కమిటీ వారు ప్రయోగశాలకు ప్రోగ్రామును ఎంచేటప్పుడు యంత్రాల సంఖ్యతోపాటు మరొక ప్రశ్న కూడా వేయవలెనని నా మనవి: పగలు ఇక్కడ నేర్చుకొన్న విద్యార్థిని, సాయంత్రం ఇంటివద్ద అదే ప్రోగ్రామును న్యాయబద్ధంగా తెరవగలదా? లిబ్రె ఆఫీసు విషయంలో తెరవగలదు. ప్రతిని తన చెల్లెలికీ ఇవ్వగలదు.