కుడి గీత పక్కన ముప్పై మూడేళ్లు

ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్ పింగాణీకి పేరుపడ్డ ఊరు. కప్పులూ సాసర్లూ కాల్చి దేశదేశాలకు పంపిన బట్టీల ఊరు. అక్కడి హ్యాన్లీ పేటలో 1915 ఫిబ్రవరి 1న పుట్టిన స్టాన్లీ మాథ్యూస్ యాభై ఏళ్లు నిండాక కూడా ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో ఆడాడు. గోల్‌కీపర్‌గా అయితే సరేలే అనుకోవచ్చు. ఆడింది కుడి వింగర్‌గా. ఫుట్‌బాల్ మైదానంలో కాళ్లకు అందరికంటే ముందు వయసొచ్చే చోటు అది. ముప్పై దాటిన వింగర్‌ని చాలా క్లబ్బులు మధ్యకో వెనక్కో జరిపేస్తాయి, లేదంటే అమ్మేస్తాయి. ఈయన్ని ఆ గీత పక్కనే ముప్పై మూడేళ్లు నిలబెట్టిన పని ఎలా జరిగిందో మొదట్నుంచీ చూద్దాం.

వింగర్ పని చెప్పడం సులువే. మైదానం అంచున గీత పక్కన నిలబడాలి. బంతి కాలికి అందగానే ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్‌ని దాటాలి. దాటి, గోల్ ముందుకు బంతి పంపాలి, దీన్నే క్రాస్ అంటారు. మిగతా ఆటగాళ్లకు నాలుగు పక్కలా దారి ఉంటుంది. వింగర్‌కి ఒక పక్క గీత అడ్డం, ఎదురుగా మనిషి అడ్డం. చేతిలో మిగిలేది కొంచెం చోటు, అంతకంటే తక్కువ సమయం.

మొదటి పని తండ్రి చేశాడు. జాక్ మాథ్యూస్ మంగలి, బాక్సర్ కూడా. హ్యాన్లీలో ఆయన్ని కొట్లాడే మంగలి అన్న అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలిచేవారు. తెల్లవారకముందే పిల్లల్ని లేపి, కిటికీ తెరిచి, ఇంగ్లండ్ చలిలో ఊపిరి నిండా గాలి పీల్చమనేవాడు. ఆ తర్వాత వ్యాయామం. కొడుకు బాక్సర్ కావాలని ఆయన కోరిక. కొడుకు ధ్యాసంతా బంతి మీద. చివరికి, బడి పిల్లల ఇంగ్లండ్ జట్టుకు ఎంపికైతే ఫుట్‌బాల్‌కి అడ్డు చెప్పనన్నాడు తండ్రి. పద్నాలుగేళ్లకు కుర్రాడు ఎంపికయ్యాడు.

ఆ లోగా పెరట్లో ఇంకో పని నడిచింది. వంటింటి కుర్చీలు తెచ్చి వరసగా పెట్టి, వాటి మధ్యనుంచి బంతిని మెలికలు తిప్పుకుంటూ వెళ్లేవాడు. రోజూ, గంటల తరబడి. ఇందులో ఒక తిరకాసుంది. కుర్చీ మోసపోదు. దాని ముందు ఎంత భుజం ఊపినా లాభం లేదు. కాబట్టి కుర్చీలతో నేర్చుకునేది ఎదుటివాడిని ఏమార్చడం కాదు, బంతిని కాలికి జానెడు దూరం దాటనీయకపోవడం. ఆ జానెడు తర్వాత ముప్పై ఏళ్ల పాటు ఫుల్‌బ్యాక్‌లను ఏడిపించింది.

పదిహేనేళ్లకు స్టోక్ సిటీ క్లబ్బులో ఆఫీసు కుర్రాడిగా చేరాడు, వారానికి ఒక పౌండు. పదిహేడో పుట్టినరోజున, 1932 ఫిబ్రవరి 1న, ప్రొఫెషనల్‌గా సంతకం చేశాడు. సీజన్‌లో వారానికి ఐదు పౌన్లు, వేసవిలో మూడు. అదే మార్చిలో బరీ జట్టు మీద మొదటి లీగ్ ఆట. 1934లో, ఇంకా ఇరవై నిండకుండానే, వేల్స్ మీద ఇంగ్లండ్‌కు ఆడి గోల్ కూడా కొట్టాడు.

ఇక అసలు విద్య. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే ఆయన కూడా నెమ్మదిగానే మొదలుపెట్టేవాడు.

బంతి కాలికి అందుతుంది. వెంటనే పరిగెత్తడు. ఫుల్‌బ్యాక్ వైపు దాదాపు నడుస్తున్నట్టే వస్తాడు. కొంచెం ముందుకు వంగిన నడుము, వదులుగా వేలాడే చేతులు, కుడికాలి దగ్గరే బంతి. ఫుల్‌బ్యాక్‌కి ఇక్కడే మొదటి చిక్కు. తనే ముందుకు దూకితే బంతి పక్కకు పోతుంది. దూకకపోతే వెనక్కి వెనక్కి జరుగుతూ తన గోల్‌కే దగ్గరవుతాడు. కబడ్డీలో కూతకొచ్చినవాడు మూలనున్నవాడి కళ్లలోకి చూస్తూ కాలు ముందుకూ వెనక్కూ ఆడిస్తాడే, అదే తంతు. ఎవరు ముందు కదిలితే వాడు చిక్కినట్టు.

ఇద్దరి మధ్యా ఒక బార దూరం మిగిలాక మాథ్యూస్ ఎడమవైపుకు, అంటే మైదానం లోపలికి, ఒంటిని వాలుస్తాడు. భుజం, నడుము, మోకాలు అన్నీ ఒకేసారి. కుడిపాదం లోపలి అంచుతో బంతిని కూడా అటు చిటికెడంత తోస్తాడు. ఈ చిటికెడు తోపు చాలా ముఖ్యం. ఒళ్లు మాత్రమే వాలితే అనుభవమున్న ఫుల్‌బ్యాక్ నమ్మడు, బంతి కదిలితే నమ్మక తప్పదు. వాడి బరువంతా కుడికాలి మీదకు పోతుంది. ఆ క్షణంలోనే అదే కుడిపాదం బయటి అంచు బంతిని గీత వైపుకు తన్నేస్తుంది, ఒళ్లు బంతి వెంట వెళ్లిపోతుంది. ఫుల్‌బ్యాక్ బరువు మార్చుకుని, తిరిగి, పరుగందుకునేసరికి మాథ్యూస్ రెండు మూడు గజాలు ముందుంటాడు. ఇక అందడు.

ఈ ఎత్తు దేశమంతటికీ తెలుసు. ఆయన ఎప్పుడో తప్ప వేరే ఎత్తు వేయడనీ తెలుసు. తెలిసినా ఆగలేదు. ఎందుకంటే ఏం చేస్తాడో తెలుసుగానీ ఎప్పుడు చేస్తాడో తెలియదు. ఎవడైనా తెలివిగా గీత వైపే కాచుకుని నిలబడితే, తప్పుదారి అనుకున్న లోపలి దారే ఈసారి నిజమయ్యేది. ఇన్నేళ్లలో నానా రకాల తన్నులు తిన్నాడు. తిరిగి తన్నలేదు. రిఫరీ ఒక్కసారి కూడా ఆయన పేరు పుస్తకంలో రాసుకోలేదు. ఇది మంచితనం మాత్రమే అనుకోను. కోపం వచ్చిన వింగర్ తొందరపడతాడు, తొందరపడితే పైన చెప్పిన తూకమంతా పోతుంది.

దాటాక ఏం చేయాలి? ఇక్కడే చాలామంది వింగర్లు పని పాడుచేసుకుంటారు, తల దించుకుని గాల్లోకి కొట్టేస్తారు. మాథ్యూస్ గోల్ గీత దాకా వెళ్లి, అక్కడినుంచి బంతిని వెనక్కి లాగి ఇవ్వడానికి ఇష్టపడేవాడు. లెక్క సులువు. బంతి అంత లోతున ఉంటే దాని వెనకనుంచి వచ్చే తన జట్టువాళ్లు ఆఫ్‌సైడ్ కారు. డిఫెండర్లు మాత్రం సొంత గోల్ వైపు మొహం పెట్టి పరిగెత్తుతూ వెనకనున్నవాళ్లను చూసుకోలేరు. అప్పటి బంతి తోలుది. తడిస్తే బరువెక్కేది, లేసు కట్టిన చోట తల పెడితే నుదురు గీరుకునేది. మాథ్యూస్ క్రాస్ లేసు అవతలివైపు ఉండేటట్టు తిరిగి వస్తుందని తల పెట్టేవాళ్లు సరదాగా అనుకునేవారు.

పైన చెప్పిందంతా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆయనకు మైదానం పొడుగునా వేగం అక్కర్లేదు. మొదటి పది గజాల వేగం చాలు. దీన్ని ఆయన చాలా ముందే పసిగట్టాడు, నా దృష్టిలో ఆయన నిజమైన తెలివి ఇదే. మిగతావాళ్లు మైదానం చుట్టూ మైళ్లకు మైళ్లు పరిగెత్తుతుంటే ఈయన పొద్దున్నే లేచి ఒంటరిగా చిన్న చిన్న పరుగులు తీసేవాడు. నిలబడ్డ చోటునుంచి ఒక్కసారిగా దూకడం, ఆగడం, మళ్లీ దూకడం. తిండి కూడా ఆ పది గజాల కోసమే. మందు, సిగరెట్టు ముట్టడు. కూరగాయలు, కేరట్ రసం. సోమవారం ఉపవాసం. మన ఇళ్లల్లో శివుడి కోసం చేసేది ఈయన శనివారం ఆట అలసట దిగడానికి చేసేవాడు. అన్నట్టు, ఈ ముట్టనివాడి బొమ్మ ఒక సిగరెట్ ప్రకటనలో వచ్చింది. రోజులు అలాంటివి.

బూట్ల సంగతి వేరుగా చెప్పాలి. అప్పటి ఇంగ్లిషు బూట్లు చీలమండ పైదాకా మందపాటి తోలుతో, ముందు గట్టి మూతితో ఉండేవి. బొగ్గుగనిలోకి కూడా వేసుకెళ్లొచ్చు అనిపిస్తాయి చూస్తే. 1950 ప్రపంచ కప్‌కి బ్రెజిల్ వెళ్లినప్పుడు అక్కడివాళ్ల తేలికపాటి బూట్లు చూశాడు. ఒక జత తెచ్చుకుని, ఇంగ్లండ్‌లో కోఆపరేటివ్ సంఘం వాళ్ల ఫ్యాక్టరీలో అలాంటివే కుట్టించుకున్నాడు. అంత పలచని బూట్లు కొద్ది ఆటలకే చినిగిపోయేవి, ఫర్వాలేదు. కాలి బయటి అంచుతో బంతిని మీటాలంటే ఆ అంచుకు బంతి తెలియాలి కదా.

ఇంత తయారైనా వింగర్ ఒక్కడే ఆట గెలవలేడు. అతనికి బంతి అందించేవాడొకడు, అతనిచ్చింది గోల్ చేసేవాడొకడు కావాలి. 1953 మే 2న వెంబ్లీలో జరిగిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్ దీనికి సాక్ష్యం. 1947లో స్టోక్ ఆయన్ని బ్లాక్‌పూల్‌కి 11,500 పౌన్లకు అమ్మింది. వయసు ముప్పై రెండు. యుద్ధంతో లీగ్ ఆగిపోయి ఇరవై నాలుగునుంచి ముప్పై ఒకటి దాకా ఏళ్లు పోయాయి, ఇంకో రెండేళ్లు ఆడగలవా అని కొత్త మేనేజర్ జో స్మిత్ అడిగాడట. బ్లాక్‌పూల్‌తో 1948లో, 1951లో ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఓడాడు. కప్పు పతకం తెస్తానని చనిపోతున్న తండ్రికి మాటిచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లకు ఇది మూడో ఫైనల్.

బోల్టన్ 3-1తో ముందుంది, ఇంకా ఇరవై చిల్లర నిమిషాలే ఉన్నాయి. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. బోల్టన్‌లో ఎరిక్ బెల్‌కి తొడ కండరం పట్టేసి కుంటుతున్నాడు. మాథ్యూస్‌కి ఎదురు కాస్తున్న ఫుల్‌బ్యాక్ రాల్ఫ్ బ్యాంక్స్‌కి కాళ్లు తిమ్మిర్లెక్కాయి. అంటే మాథ్యూస్ ఆడే వైపే బోల్టన్ గోడ కూలింది. బ్లాక్‌పూల్‌లో పొట్టి ఎర్నీ టేలర్ అది గమనించి బంతులన్నీ అటే పంపాడు. మాథ్యూస్ క్రాస్‌ని స్టాన్ మోర్టెన్సన్ గోల్‌లోకి తోశాడు, ఫ్రీకిక్‌తో ఇంకోటి కొట్టాడు. 3-3. గాయాల వల్ల పోయిన సమయానికి చివర కలిపిన నిమిషాల్లో మాథ్యూస్ మళ్లీ అదే ఎత్తు వేసి, బ్యాంక్స్‌ని దాటి, గీత దగ్గర కాలు జారుతూనే బంతిని వెనక్కి లాగాడు. బిల్ పెర్రీ కొట్టాడు. 4-3.

బ్లాక్‌పూల్ మొదటి గోల్ కూడా కలిపి, వెంబ్లీ కప్ ఫైనల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటివాడు మోర్టెన్సన్. అయినా లోకం దాన్ని మాథ్యూస్ ఫైనల్ అనే పిలుస్తుంది. మోర్టెన్సన్‌కి అన్యాయమే. కానీ ఆ ఇరవై నిమిషాలు చూసినవాళ్లు కళ్లు కుడి గీత మీదనుంచి తిప్పలేకపోయారు, పేరు అలా పడిపోయింది. గోల్స్ లెక్కపెట్టి వింగర్‌ని కొలిస్తే మాథ్యూస్ నిలబడడు కూడా. బ్లాక్‌పూల్‌కి సుమారు 380 లీగ్ ఆటల్లో ఆయన కొట్టినవి 17.

జట్లు ఎంపికచేసే పెద్దలకు ఈ లెక్కే గుచ్చుకునేదేమో. 1934నుంచి 1957 దాకా ఇరవై మూడేళ్ల వ్యవధిలో ఇంగ్లండ్‌కి ఆడింది 54 ఆటలే. 1950లో అమెరికా చేతిలో ఇంగ్లండ్ 1-0తో పరువు పోగొట్టుకున్న రోజు ఆయన బయటే కూర్చున్నాడు. ఒక్కడి చుట్టూ ఆట తిరగకూడదన్నది వాళ్ల వాదన. పూర్తిగా కొట్టిపారేయలేం, మిగతా పదిమందీ బంతి ఆయనకిచ్చి చూస్తూ నిలబడే ప్రమాదం ఉన్నమాట నిజమే. కానీ 1956లో యూరప్ ఉత్తమ ఆటగాడికి ఫ్రాన్స్ పత్రిక మొదటిసారి బాలన్ డోర్ ఇచ్చినప్పుడు రియల్ మాడ్రిడ్ ఆటగాడు డి స్టెఫానోని మూడు పాయింట్ల తేడాతో వెనక్కి నెట్టింది నలభై ఒక్కేళ్ల మాథ్యూసే.

డబ్బు సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే పెద్దగా లేదు. 1961 దాకా ఇంగ్లండ్‌లో ఆటగాడి జీతానికి పైహద్దు ఉండేది, చివరికి అది వారానికి 20 పౌన్లు. వేలమంది టికెట్ కొని ఎవరిని చూడ్డానికి వస్తున్నారో క్లబ్బులకు బాగా తెలుసు, అయినా అంతే.

అది 1961 అక్టోబర్‌లో స్టోక్‌కి ఇంకా బాగా తెలిసొచ్చింది. సెకండ్ డివిజన్‌లో అడుగు దగ్గర పడి ఉన్న స్టోక్‌కి మేనేజర్ అయిన టోనీ వాడింగ్టన్ నలభై ఆరేళ్ల మాథ్యూస్‌ని 3,500 పౌన్లకు తిరిగి కొన్నాడు. అంతకుముందు సొంత మైదానంలో ఆటకు 8,409 మంది వచ్చారు. ఆయన తిరిగొచ్చిన హడర్స్‌ఫీల్డ్ ఆటకు 35,974 మంది. కొన్న ధర ఒక్క రోజులోనే తిరిగొచ్చేసి ఉంటుంది. రెండో సీజన్‌కి స్టోక్ డివిజన్ గెలిచి పైకెళ్లింది. ఆ ప్రమోషన్ ఖాయం చేసిన లూటన్ ఆటలో నలభై ఎనిమిదేళ్ల వింగర్ ఒక గోల్ కూడా కొట్టాడు.

ఆఖరి పని, ఆపడం. 1965 కొత్త సంవత్సరం రోజున ఆయనకు సర్ బిరుదు వచ్చింది. ఆడుతుండగానే అది అందుకున్న మొదటి ఫుట్‌బాలర్ ఆయనే. ఫిబ్రవరి 6న ఫుల్‌హామ్ మీద చివరి లీగ్ ఆట, స్టోక్ 3-1తో గెలిచింది. వయసు యాభై ఏళ్ల ఐదు రోజులు. తొందరపడి ఆపేశానని, ఇంకో రెండేళ్లు ఆడి ఉండేవాడినని తర్వాత చాలాసార్లు అన్నాడు. ఊరికే కూర్చోలేదు కూడా. మాల్టాలో ఆడాడు, నేర్పాడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలు నడుస్తున్న రోజుల్లో సొవేటోకి వెళ్లి నల్లజాతి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, 1975లో వాళ్లను జట్టుగా బ్రెజిల్ తీసుకెళ్లాడు. తేలిక బూట్లు తను మొదట చూసిన దేశం చూపించడానికి.