గొర్రె చర్మంలో ఉన్ని పుట్టుక

2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి, నేడు శ్రీ విజయపురమనే పేరు దాల్చిన అండమాన్ ప్రధాన నగరంలో జంగ్లీఘాట్ ఒక ప్రాంతం. చేపల రేవుకు పేరుపొందిన ఈ చోట తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. చలికాలమంటే ఎరుగని ఆ దీవులలో ఉన్ని అన్నది చాలామంది పిల్లలకు పాఠ్యపుస్తకంలో కనిపించే వస్తువే. తెలంగాణలో గొర్రెల కాపరి జడివానలో గొంగడి కప్పుకొని నిలుచుంటాడని విన్న తెలుగు విద్యార్థికి అక్కడ రెండు సందేహాలు కలుగుతాయి. ఉన్నిబట్ట వాన నుండి ఎట్లా కాపాడుతుంది? నెల్లూరు గొర్రెకు లేని ఉన్ని దక్కనీ గొర్రెకు ఎట్లా వచ్చింది? ఈ రెండింటికీ సమాధానం గొర్రె చర్మంలోనే ఉంది.

రెండు రకాల రోమకూపాలు

చర్మంలో వెంట్రుక మొలిచే గుంటను రోమకూపం అంటారు. గొర్రెకు ఇవి రెండు రకాలు. ప్రాథమిక రోమకూపాలు పెద్దవి. ప్రతిదానికి తైలగ్రంథి, స్వేదగ్రంథి, రోమాన్ని నిక్కబొడిపించే చిన్న కండరం ఉంటాయి. ఇవి తరచుగా మూడేసి చొప్పున వరుసగా అమరుతాయి. వాటి పక్కన గుంపుగా ఉండే చిన్నవి ద్వితీయ రోమకూపాలు. వీటికి స్వేదగ్రంథిగాని, కండరంగాని ఉండవు. సన్నని, మెత్తని ఉన్ని వీటినుండే పెరుగుతుంది.

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు హెచ్. బి. కార్టర్ 1943లో ప్రకటించిన అధ్యయనం ఈ రంగానికి పునాది వేసింది. చర్మం నుండి చిన్న ముక్కను తీసి, పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినిలో కూపాలను లెక్కించే పద్ధతి దీనితో స్థిరపడింది. ఒక్కొక్క ప్రాథమిక కూపానికి ఎన్ని ద్వితీయ కూపాలున్నాయన్నదే ముఖ్యమైన కొలత. మెరీనో గొర్రెలో ఈ సంఖ్య సుమారు 20. ముతక ఉన్ని జాతులలో ఇది చాలా తక్కువ.

తల్లి గర్భంలోనే నిర్ణయం

గొర్రె చూలు కాలం సుమారు 150 రోజులు. మెరీనో పిండంలో 60వ రోజు ప్రాంతంలో ప్రాథమిక కూపాలు మొలకెత్తుతాయి. 90వ రోజు దగ్గర ద్వితీయ కూపాలు మొదలై, తరువాత కొమ్మలు వేసినట్లు విస్తరిస్తాయి. పిల్ల పుట్టేసరికి దాదాపు అన్ని కూపాలకూ అంకురార్పణ జరిగిపోతుంది. పుట్టిన పిమ్మట అవి పక్వమవుతాయేగాని, కొత్తవి ఏర్పడవు. అందుచేత చివరి నెలల్లో చూడి గొర్రెకు మేత చాలకపోతే, ఆ లోటు పుట్టబోయే పిల్ల ఉన్నిలో జీవితాంతం కనబడుతుంది.

కూపం అడుగున కణాలు విభజన చెంది, పైకి జరుగుతూ గట్టిపడి ఉన్నిపోగుగా మారుతాయి. దీని పదార్థం కెరటిన్ అనే మాంసకృత్తు. అందులోని గంధకపు బంధాలు పోగుకు బలాన్నిస్తాయి. తైలగ్రంథులు స్రవించే జిడ్డు పోగుకు పూతవలె అంటుకొని ఉంటుంది. పోగు పైపొర నీటిబొట్టును నిలువరిస్తుంది; లోపలి భాగం మాత్రం తన బరువులో మూడోవంతు వరకు తేమను ఇముడ్చుకోగలదు. గొంగడి రహస్యంలో సగం ఇదే. తక్కిన సగం కురుమ నేతగాండ్ర నేర్పులోనూ, పడుగుకు వారు పట్టించే చింతగింజల గంజిలోనూ ఉంది.

నెల్లూరు, దక్కనీ

మన దేశపు గొర్రెలలో మిక్కిలి పొడవైనది నెల్లూరు జాతి. పల్ల, జోడిపి, దొర అనే మూడు రకాలు గల ఈ గొర్రెను మాంసానికై పెంచుతారు. వేడి ప్రదేశానికి తగినట్లు దీని ఒంటిని పొట్టి రోమాలే కప్పి ఉంటాయి. దక్కనీ గొర్రె పీఠభూమికి చెందినది. ఎక్కువగా నల్లగా ఉండే దీని ఉన్ని ముతకది. చాలా పోగుల నడుమ బోలుగా ఉంటుంది. మెరీనో కొలబద్దతో చూస్తే ఇది నాసిరకమే. కాని కాపరి భుజాన ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఓర్చే గొంగడికి కావలసినది ఈ ముతకదనమే.

1962లో రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ఏర్పడింది. దేశవాళీ జాతుల ఉన్ని గుణాలను శాస్త్రీయంగా పరిశీలించే కృషి అక్కడ జరుగుతున్నది. ఈ కృషికి తెలుగు నేలపైనా అవసరం ఉన్నది. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోవడంతో, దక్కనీ మందలలోకి నెల్లూరు పొట్టేళ్లు చేరుతున్నాయి. కాపరికి ఇది బతుకుతెరువు, అతణ్ణి తప్పుపట్టలేము. అయితే సంకరం తరతరాలుగా సాగితే పిల్లల ఒంటిపై ఉన్ని తగ్గి రోమం మిగులుతుంది. గర్భంలోనే నిర్ణయమయ్యే ఆ కూపాలను తరువాత మేతగాని, మందుగాని తిరిగి తేలేవు. మేలైన దక్కనీ పొట్టేళ్లను ఎంచి కాపాడడం, వాటి ఉన్నికి గిట్టుబాటు ధర కల్పించడం అనే రెండు పనులూ కలిసి సాగినప్పుడే గొంగడి నిలుస్తుంది.