ఆకాశ చిత్రములు – వాని వివర పట్టిక

కృష్ణానది పొంగినప్పుడు రేపల్లె ప్రాంతమున నీరెంతవఱకు వ్యాపించెనో తెలియవలెనన్న, ఉపగ్రహములు తీసిన రెండు చిత్రములు కావలెను: వరదకు ముందరిది యొకటి, వరదనాటిది యొకటి. ఆ రెంటిని పోల్చిననే మునిగిన పొలములు గుర్తింపబడును. మన దేశపు ఐ.ఆర్.ఎస్. వరుసలో మొదటి ఉపగ్రహము 1988వ సంవత్సరము మార్చి 17వ తేదీన ప్రయోగింపబడెను. నాటినుండి హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమున చిత్రములు మిక్కిలిగా చేరినవి. అందు కావలసినదానిని వెదకి తీయుట యెట్లో యిచట వివరింతుము.

గ్రంథాలయమున పుస్తకములన్నియు తెఱచి చూడక, పట్టికను చూచి కావలసినదానిని తీసికొందుము గదా! చిత్రమును గూర్చిన యట్టి వివరములకు మెటాడేటా యని పేరు. వానిని కంప్యూటరునందు పట్టికలుగా నమర్చినది డేటాబేసు. చిత్రములు పెద్దవి గనుక వేఱుచోట నుంచి, అవి యున్న చోటును మాత్రమే పట్టికలో వ్రాయుదురు. పట్టికయందు ముఖ్యముగా నాలుగంశము లుండవలెనని మా యభిప్రాయము.

మొదటిది స్థలము. ఊరిపేరు, జిల్లాపేరు చాలవు. 1988లో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా యేర్పడగా రేపల్లె యందు చేరెను. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచెను. పేళ్లు మాఱును గాని అక్షాంశ రేఖాంశములు మాఱవు. కావున చిత్రపు నాలుగు మూలలకును వానిని వ్రాయవలెను. తెనాలి సుమారు 16 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 80 డిగ్రీల 38 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. ఆ బిందువు ఏ చిత్రముల మూలలనడుమ పడునో కంప్యూటరు క్షణములో చెప్పును.

రెండవది కాలము. మనకు ఉదయము 5 గంటలైనప్పుడు గ్రీనిచ్ కాలమున ముందునాటి రాత్రి 11 గంటల 30 నిమిషములు. ఏ గడియారము ననుసరించి వ్రాసిరో తెలియనిచో తేదీయే తప్పును.

మూడవది సాధనము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చేరువను తీరము దాటెను. అట్టి దినములలో సామాన్యపు కెమెరాకు మేఘములే కనబడును. రాడారు మేఘములను దాటి నేలను చూడగలదు. కావున సాధనమెట్టిదో, చిత్రమున నూటి కెంతపాలు మేఘమున్నదో వ్రాయవలెను. సాధనముల గుణములను ప్రత్యేక పట్టికలో నొక్కసారి వ్రాసి, చిత్రపు వరుసలో దాని సంఖ్యను మాత్ర ముంచిన చాలును. పొరపాటు దొరికిన నొక్కచోటనే దిద్దవచ్చును.

నాలుగవది చరిత్ర. మూల చిత్రమేది, దానికెట్టి సవరణలు ఎప్పుడు చేసిరి యనునది. సవరించిన చిత్రమునే మూలమని తలచినచో కొలతలు తప్పును.

మఱియొక నియమము. మేఘమును పరిశీలింపనిచో గడిని ఖాళీగా విడువవలెనే గాని, సున్న వ్రాయరాదు. లేదనుట వేఱు, చూడలేదనుట వేఱు.

విద్యార్థులారా! మీ యింటనున్న పాత ఛాయాచిత్రములకు స్థలము, తేదీ, తీసినవారు, అందున్నవారు అను గడులతో నొక పట్టిక వ్రాసి చూడుడు. వివరము తెలియని చిత్రము ఉన్నను ప్రశ్నకు బదులీయదు. పంటనష్టమును లెక్కించునాడు ఆ బదులుమీదనే రైతు కుటుంబముల మేలు ఆధారపడియుండును.