హాకీ డిఫెండర్‌కు ప్రొఫెషనల్ అవకాశం ఎంత?

2025 చివర జూనియర్ పురుషుల ప్రపంచ కప్ హాకీ చెన్నైతో పాటు మన మదురైలోనూ జరిగింది. భారత్‌కు కాంస్యం వచ్చింది. "మావాడు డిఫెండరు. చదువు మాన్పించి ఆటలోనే ఉంచవచ్చా?" అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు.

ముందు లెక్క చూద్దాం. 2024–25 హాకీ ఇండియా లీగ్‌లో పురుషుల జట్లు 8. జట్టుకు 24 మంది. అందులో కనీసం నలుగురు జూనియర్లు. అంటే దేశమంతటికీ జూనియర్లకు ఖాయమైన స్థానాలు 32. ఫార్వర్డులు, గోల్‌కీపర్లు కూడా అందులోనే.

ఇక ఆటలో నేను చూసేవి మూడు:

1. బంతి అందుకోగానే మొదటి పాస్ సూటిగా ఇస్తున్నాడా?

2. సర్కిల్‌లో ఫౌల్ చేయకుండా అడ్డుకుంటున్నాడా? ఫౌల్ చేస్తే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నరే.

3. డ్రాగ్ ఫ్లిక్ వచ్చా? పెనాల్టీ కార్నర్‌లో మొదటి హిట్ 460 మి.మీ. ఎత్తు దాటితే గోల్ కాదు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. డ్రాగ్ ఫ్లిక్‌లో దిట్ట అయిన డిఫెండర్ హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 2024 వేలంలో అందరికన్నా ఎక్కువగా 78 లక్షల రూపాయలు పలికింది.

మూడూ ఉన్నా ఒక్క గాయంతో అంతా ఆగిపోవచ్చు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి కూడా విద్యార్హత కావాలి. కనుక విద్యార్థులారా, జూనియర్ నేషనల్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడేదాకా లీగ్‌ను ఆశగానే ఉంచుకోండి. ఆడినా సరే, ప్లస్ టూ, డిగ్రీ మాత్రం వదలకండి.